గురవమ్మ పాలలో గులాబి గీత

పోయినవారం మనం ఎగువమిట్ట పాలకేంద్రం ముందునుంచి లేచి వచ్చేసరికి అక్కడ నోళ్లు లేచి ఉన్నాయి. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం. పూతలపట్టు క్రాసుకు లోపలగా ఉండే ఆ ఊరి పాలలో ఏదో యాంటీబయాటిక్ మందు కలిసిందని డెయిరీవాళ్లు ట్యాంకరు ట్యాంకరే వెనక్కి పంపించారు. ఇంకోసారి ఇట్లా జరిగితే కేంద్రానికి తాళం వేసుకోమన్నారు. ఎవరో ఆవుకు సూది వేయించి, ఆ సంగతి దాచిపెట్టి, పాలు తెచ్చి పోస్తున్నారు. ఆ ఒక్కరి పాలు ఊరందరి పాలలో కలిసి అందరి నోట్లో మన్ను కొడుతున్నాయి. ఆ ఒక్కరెవరో పట్టుకోవడానికి కేంద్రం సెక్రటరీ దొరస్వామి ఆ ఊరి పిల్లనే పిలిపించాడు. తిరుపతిలో యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న నిస్సీ అన్నమాట. తను తయారుచేసిన కాగితపు పట్టీలు పట్టుకుని ఆ పిల్ల పొద్దున్నే వచ్చి, వరసలో నిలబడ్డవాళ్ల పాలు ఒక్కొక్కరివే చూస్తూ పోయింది. నాలుగైదు క్యాన్లు దాటగానే పట్టీ మీద గులాబి గీత లేచింది. లేవకూడని గీత అది. ఆ క్యాను ఎవరిదయ్యా అంటే, సాక్షాత్తూ నిస్సీ మేనత్త గురవమ్మది!

ఇంకేముంది? వరస చెదిరిపోయింది. తక్కిన పాలు చూసే తీరికే లేకపోయింది. గురవమ్మ కొంగు నడుముకు చుట్టి మధ్యలోకి వచ్చి నిలబడింది.

"నా ఆవుకు సూదే యేయలేదు. ఏసినాననేవోళ్లు నా మొగం సూసి సెప్పండి" అంది. ఎవరూ చెప్పలేదు. చెప్పింది కాగితం కదా!

"సరే మే నిస్సీ, ఇంటికి రా. మూలమూలా ఎతుక్కో. సూదో మందుసీసానో దొరికితే ఇంక నేనీ కేంద్రం గడప తొక్కను. దొరక్కపోతే సాయంత్రం పాలయాళకు ఈడికొచ్చి, ఇంతమంది ముందరా, నీ కాగితమే అబద్దం సెప్పిందని నీ నోటితో నువ్వు సెప్పాల. ఏం దొరసామన్నా, సమ్మతమేనా?"

దొరస్వామి తల గోక్కుని సమ్మతమే అన్నాడు. పొద్దుటి పాలు ట్యాంకరెక్కించకుండా ఆపేసి, సాయంత్రం తేలాకే ఏదైనా అన్నాడు. అక్కడిదాకా చదివాం.

అత్త ముందు, మేనకోడలు వెనక. వాపసొచ్చిన పాలక్యాను దోవంతా గురవమ్మ చేతిలో కుదుపుకు చప్పుడవుతోంది. వాళ్లమ్మ పోయినాక ఈ అత్తే నిస్సీని తెచ్చి పెంచుకుంది. తలంటి పోసి, జడ వేసి, సంగటి ముద్ద తినిపించి బడికి పంపింది. ఆ మనిషి అబద్ధం ఆడుతుందా? ఆడదు, తన కళ్లతో చూసినా నమ్మలేని సంగతి అది. మరి పట్టీ అబద్ధం ఆడుతుందా? ఆడిందంటే నిస్సీ ఇన్నేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే. రెంటిలో ఒకటి ఒప్పుకోక తప్పదు. ఆ పిల్లకేమో రెండూ వద్దు.

ఇంటికి పోగానే గురవమ్మ కంచం పెట్టింది. "కోపం నీ కాగితం మింద. నీ కడుపు మింద కాదు. తిను, తినినాక ఎతుకు" అంది. చెనిక్కాయల చట్నీ వేసి ముద్ద పెట్టింది. నిస్సీ కళ్లలో నీళ్లు తిరిగాయి. చట్నీ కారమని చెప్పి తుడుచుకుంది.

తిన్నాక వెతుకులాట మొదలైంది. వెతుకులాట అంటే అట్లాంటిట్లాంటిది కాదు. నిస్సీ చాలు అన్నా గురవమ్మ వదల్లేదు. ఇనప్పెట్టె తెరిచి చీరలన్నీ మంచం మీద పడేసింది. ఉప్పు జాడీ మూత తీసి చూడమంది. గూట్లో బైబిలు పక్కనున్న పసుపు డబ్బా దులిపి చూపించింది. ఆఖరికి అటక మీదికి తానే నిచ్చెన వేసి ఎక్కబోతే, "అత్తా, దిగు! నడుం విరిగితే నిన్ను పుత్తూరుకు మోసుకుపోయి కట్టు కట్టించాల" అని నిస్సీ కాళ్లు పట్టుకుని దించింది. ఆ మాటకు గురవమ్మకు నవ్వొచ్చింది గాని, ఆపుకుంది.

కొట్టంలో బంగారి నెమరు వేస్తూ నిలబడి ఉంది. గోధుమరంగు సంకర ఆవు, తెల్లటి నుదురు. నిస్సీ మెడ మీద, తొడల మీద వెంట్రుకలు పాయలు తీసి చూసింది. సూది గుచ్చిన మచ్చ లేదు. పొదుగు నొక్కి చూసింది. వాపు లేదు, గడ్డ లేదు, ఆవు కాలు జాడించలేదు. జబ్బే లేని పసరానికి సూది ఎవరు వేస్తారు?

"అసలు ఆ కాగితానికి ఏం తెలుసు మే?" అని గురవమ్మ తొట్టి గట్టు మీద కూర్చుంది. "నువ్వు సదివిన సదువు నాకు అర్తమయ్యేటట్టు సెప్పు సూద్దాం. సెప్పలేకపోతే నీకే అర్తం కాలేదని లెక్క."

నిస్సీ చుట్టూ చూసింది. కొట్టం ముందు తడిమట్టిలో బంగారి గిట్టల గుంతలు పడి ఉన్నాయి.

"ఇగో, ఈ గుంత ఎట్లా పడింది అత్తా?"

"ఆవు తొక్కితే పడింది."

"మెత్తగా ఉన్నప్పుడు తొక్కింది, మట్టి ఎండింది, ఆవు వెళ్లిపోయింది, గుంత మిగిలింది. నేను చేసిందీ అదే. ప్లాస్టిక్ మాదిరి ఉండే గుజ్జులో ఆ మందు కలిపినాను. గుజ్జు గట్టిపడినాక మందును కడిగేసినాను. అది కూర్చున్న గుంతలు మిగిలిపోయినాయి. కంటికి కనబడవు, అంత చిన్నవి. ఆ పొడినే కాగితానికి పూసినాను. మళ్లీ ఆ మందే వస్తే ఆ గుంతలో సరిగ్గా కూర్చుంటాది."

"మేక వొచ్చి ఆవుగుంతలో కాలు పెడితే? సులువుగా పడతాదే!"

నిస్సీ నవ్వేసింది. "పడతాది అత్తా, నిలవదు. వదులుగా ఉంటాది కదా, నీళ్లు పోస్తే కొట్టుకుపోతాది. గుంతకు సరిపోయినదే గట్టిగా కరుచుకుంటాది. ఆ గుంతల్లో ముందుగా రవంత రంగు కూర్చోబెట్టి ఉంటాను. మందు వచ్చిందనుకో, రంగును లేపేసి తను కూర్చుంటాది. లేచిన రంగు పైకి పాకి గీత అవుతాది. మందు లేకపోతే రంగు కదలదు, గీత రాదు."

గురవమ్మ కాసేపు ఆ గిట్ట గుంత వంకే చూసింది. "బలే ఉండాది" అని, వెంటనే తను కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి మొహం తిప్పుకుంది.

అప్పుడే ఫోను మోగింది. తిరుపతి నుంచి రేవతి మేడం, నిస్సీ పరిశోధనకు గైడు. పొద్దున్న జరిగిందంతా వాట్సాప్‌లో పంపితే చూసి చేసింది.

"నిస్సీ, తొందరపడి ఎవరి మీదా ముద్ర వేయొద్దమ్మా. కడగడంలో తేడా వచ్చి, తయారీలో వేసిన మందే కొంచెం ఆ గుంతల్లో మిగిలిపోయిందేమో చూశావా? అదే మెల్లగా బయటికి వస్తే, పాలలో ఏమీ లేకపోయినా గీత వచ్చేస్తుంది. పెద్దపెద్ద ల్యాబుల్లోనే జరిగే తప్పు అది. ముందు నీ పట్టీని నువ్వు అనుమానించు" అంది.

ఫోను పెట్టేసి నిస్సీ సంచి దగ్గరికి లాక్కుంది. తన తప్పే అయితే? సొంత అత్తను ఊరి ముందు దొంగను చేసి నిలబెట్టింది తన కడుగుడు చాతకానితనమే అయితే?

సంచిలో పట్టీలు ఎక్కువ లేవు. పొద్దున కొన్ని అయిపోయాయి, సాయంత్రం వరసకు కొన్ని ఉంచాలి. గురవమ్మ దగ్గర బ్లేడు అడిగి, తక్కిన వాటిని నిలువునా సన్నగా చీల్చింది. మొదటి చీలికను ఉత్త బోరు నీళ్లలో ముంచింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని చూశారు. రంగు కదల్లేదు, గీత రాలేదు. ఎదురింటివాళ్ల ఆవు పాలు గ్లాసుడు అడిగి తెచ్చి చూసింది. రాలేదు. బంగారి పొదుగు నుంచి అప్పటికప్పుడు కాసిన్ని పాలు పిండి ముంచింది. కాసేపటికి, నెమ్మదిగా, సిగ్గుపడుతున్నట్టు పైకి పాకింది గులాబి గీత.

"కడుగుడులో తప్పుంటే అన్నిట్లో రావాల కదా అత్తా. బంగారి పాలలోనే వస్తా ఉంది."

"అంటే నేను దొంగనే అంటావు!"

"అనలేదు. సూది మచ్చ లేదు, మందు సీసా లేదు. కాని మందు పాలలో ఉంది. సూదిలోనుంచి పోకపోతే నోట్లోనుంచి పోయుండాల. ఇది ఏమేమి తింటాది, ఏమేమి తాగుతాది, అన్నీ ఈడికి తే."

నిస్సీకి భయం పోయి దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. చిన్నప్పుడు చీమల బారు ఎక్కణ్ణుంచి వస్తోందో చూడడానికి ఊరి చివరిదాకా పాకుతూ పోయిన పిల్ల ఆమె. ఆ పిల్లే ఇప్పుడు చెంబులూ గ్లాసులూ వరసగా పేర్చుకుని కొట్టంలో గొంతుకూర్చుంది. తవుడు నీళ్లలో నానేసి ముంచింది. గీత లేదు. చెనిక్కాయ చెక్క నానేసింది, లేదు. పచ్చగడ్డి నూరి పిండింది, లేదు. బియ్యం కడుగునీళ్లు, వార్చిన గంజి, దేనిలోనూ లేదు. గురవమ్మ ఒక్కోదానికీ "సూసినావా!" అని గెలిచినట్టు తల ఎగరేస్తోంది.

ఆఖర్న కుడితి తొట్టి మిగిలింది. తవుడూ, గంజీ, కడుగునీళ్లూ అన్నీ కలిసి పులిసిన కుడితి అది. ఇంతసేపూ విడివిడిగా చూసినవే కదా, ఇందులో కొత్తగా ఏముంటుంది? అయినా గుడ్డలో వడగట్టి చీలిక ముంచింది.

గీత వచ్చింది. పాలలో వచ్చినట్టు సిగ్గుపడుతూ కాదు, గబగబా వచ్చింది, చిక్కగా వచ్చింది.

"ఓయమ్మా!" అంది నిస్సీ. "ఇందులో ఇంకేం కలుపుతావు అత్తా?"

"ఏముండాది? రోజూ పోసేదే."

"రోజూ పోసేది ఏంది?"

"అదే మే, తవుడు, గంజి, కడుగునీళ్లు. సూసినావు గదా అన్నీ! నా కుడితికి గూడా వొంక పెడతా ఉండావే!"

ఎన్ని రకాలుగా అడిగినా అదే జవాబు. గురవమ్మ దాచడం లేదని ఆమె మొహం చూస్తేనే తెలుస్తోంది. ఏ చెడ్డ కన్నో పడిందేమో, ప్రార్థన చేయిస్తే పోతుందేమో అని కూడా అంది. విడివిడిగా లేని మందు కలిస్తే ఎట్లా పుట్టుకొస్తుంది? నిస్సీ ఇక అడగడం మానేసింది. అడిగితే చెప్పలేనిది చూస్తే తెలుస్తుందేమోనని, గొడ్డుచావిడి గుంజకు ఆనుకుని, అత్త పనులు చేసుకుంటుంటే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా గురవమ్మ లేచి, అలవాటు ప్రకారం, ఇంటివెనక కోళ్ల షెడ్డులోకి పోయింది. ఆ షెడ్డు ఆమె కొడుకు మునిశేఖర్‌ది. కంపెనీవాళ్లు కోడిపిల్లల్ని ఇస్తారు, మేత ఇస్తారు, మందులిస్తారు. ఇతను పెంచి పెద్దచేసి అప్పగిస్తాడు. ఆ ఊళ్లో చాలా ఇళ్ల వెనక ఇట్లాంటి షెడ్లున్నాయి. కోళ్లు నీళ్లు తాగే ఎర్ర గిన్నెలు రోజుకోసారి కడగాలి, ఆ పని గురవమ్మది. ఒక్కో గిన్నెలో మిగిలిన నీళ్లు బక్కెట్టులోకి వంచి, ఈక తుంపులు తీసేసి, గిన్నె కడిగి బోర్లించింది. బక్కెట్టు నిండాక ఎత్తుకొచ్చి, ఇటూ అటూ చూడకుండా, కుడితి తొట్టిలో కుమ్మరించింది.

నిస్సీ ఎగిరి గంతేసింది. "అత్తా! అదేంది?"

"యేది?"

"ఇప్పుడు పోసినావే!"

"నీళ్లు!" అంది గురవమ్మ, ఈ పిల్లకు మతి చలించిందా అన్నట్టు. "కోళ్లు తాగినాక మిగిలినవి. పారబోస్తామా యేంది? బోరు ఎండిపోయిన కాలంలో బిందె నీళ్లకు క్రాసుదాకా నడిచినోళ్లం. నీళ్లు పారబోసేది నాకు చేతకాదు."

"ఇన్నిసార్లు అడిగితే ఈ మాట చెప్పలేదే!"

"నువ్వు ఏం కలుపుతావంటివి. నీళ్లు గూడా కలపడమేనా? పైగా అవి ఉత్త నీళ్లు గూడా కాదు. మునిశేఖరు బలం పొడి కలుపుతాడు. కోళ్లకు బలమైంది నా బంగారికి బలం కాదా? అందుకే సుక్క పోనీకుండా తెచ్చి పోస్తా ఉండా."

నిస్సీ బక్కెట్టు అడుగున మిగిలిన తడిలోనే చీలిక ఆనించింది. అంటించిందో లేదో, గులాబి గీత. ఆ పిల్ల ఒక్క కేక పెట్టి అత్తను వాటేసుకుంది. ఆవు బెదిరి పలుపు లాగింది.

"నువ్వు అబద్దం చెప్పలేదు! నా పట్టీ కూడా చెప్పలేదు! ఇద్దరూ నిజమే అత్తా, ఇద్దరూ నిజమే!"

"వొదులు మే, ఊపిరాడ్లే!" అంటూనే గురవమ్మ కూడా నవ్వింది. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు.

ఈ గోలకు మునిశేఖర్ షెడ్డులోంచి బయటికి వచ్చాడు. పొడి పాకెట్టు చూపించు బావా అంటే తెచ్చి ఇచ్చాడు. వెండిరంగు పాకెట్టు. మీద పుంజు బొమ్మ, కింద విటమిన్ల పేర్లు. ఇంకే మందు పేరూ లేదు. నిస్సీ చిటికెడు పొడి బోరు నీళ్లలో కలిపి ముంచింది. చెప్పక్కర్లేదు కదా! ఇంతవరకూ వచ్చిన గీతలన్నిటికన్నా చిక్కటి గీత అది.

"బావా, ఇది ఒట్టి బలం పొడి కాదు. పేరు రాయకుండా యాంటీబయాటిక్ కలిపినారు. జబ్బు రాకముందే, రాకూడదని కోళ్లకు రోజూ పట్టిస్తా ఉన్నారు."

"కంపెనీ సూపరైజరు గిరిప్రసాదు ఇచ్చినాడు. విటమినే అన్నాడు" అన్నాడు మునిశేఖర్. "నేనెందుకు అడుగుతా? వాళ్లిచ్చింది కలపడమే మన పని."

"నీ తప్పని ఎవరన్నారు? సాయంత్రం కేంద్రంలో ఇదే చెబుతాను. ఈ నీళ్లు ఆపేస్తే కొన్నాళ్లకు బంగారి పాలు మళ్లీ శుభ్రమైపోతాయి. అత్త మీద మచ్చ పోతాది."

మునిశేఖర్ కాసేపు పాకెట్టును అటూ ఇటూ తిప్పి, చివరికి మెల్లగా అన్నాడు. "సెప్పొద్దు నిస్సీ. కంపెనీ పేరు అందరి ముందరా బయటపెడితే నాకు ఇంకో బ్యాచి ఇస్తారా? ఈ షెడ్డు ఖాళీగా నిలబడితే మేం యాడికి పోవాల? నువ్వు బస్సెక్కి తిరుపతికి పోతావు. మేం ఈడనే ఉండాల."

"మరి అత్త? దొంగ అనిపించుకుంటూ ఉండాలా?"

గురవమ్మ వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూస్తూ, ఖాళీ బక్కెట్టు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. కాసేపటికి, "పాలయాళైంది, పదండి" అని మాత్రం అంది.

కేంద్రం దగ్గర పొద్దుటికన్నా ఎక్కువమందే ఉన్నారు. పాలు పోసేవాళ్లే కాదు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా. వింత అంటే ఎవరికి చేదు? నిస్సీ దోవలోనే తేల్చుకుంది. కంపెనీ పేరు ఎత్తకుండా, బావ పేరు ఎత్తకుండా, అత్త సూది వేయలేదన్న మాట ఎట్లా చెప్పాలా అని వాక్యాలు కూర్చుకుంటూ వచ్చింది. కూర్చిన ప్రతి వాక్యం చివరా అదే ప్రశ్న వచ్చి నిలబడుతోంది. మరి మందు ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికి జవాబు చెప్పకుండా అత్తను గెలిపించే దారి లేదు. చెప్పాలి, అంతా చెప్పేయాలి, బావకు ఏమైనా జరిగితే అప్పుడు చూసుకోవాలి అనుకుంది. మునిశేఖర్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏమ్మా నిస్సీ, తేలిందా?" అన్నాడు దొరస్వామి. "సూదా? కాగితమా?"

నిస్సీ గొంతు సవరించుకుంది. "పెద్దనాయనా, అది..."

"దాన్నెందుకు అడుగుతావులే అన్నా, నన్నడుగు" అంటూ గురవమ్మ ముందుకు వచ్చింది. ఖాళీ క్యాను బల్ల మీద పెట్టింది. "బిడ్డ కాగితం అబద్దం సెప్పలేదు. నేనే సెప్పినాను. సూది ఏయించినాను."

"అత్తా!"

గురవమ్మ చెయ్యి వచ్చి నిస్సీ మణికట్టు పట్టుకుంది. పాలు పిండీ పిండీ గట్టిపడిన వేళ్లు అవి, ఎముక నొచ్చేటట్టు నొక్కాయి.

"ఎందుకేయించినావు గురవమ్మా?" దొరస్వామి గొంతులో కోపం లేదు, నమ్మలేనితనం ఉంది. "ఎవురేసినారు?"

"ఎవురో. ఆ దోవన పోతా ఉన్నోడు. పేరు తెలీదు. పొద్దున ఒట్టేసి సెప్పినాను గదా, సూది తేలితే గడప తొక్కనని. తేలింది. తొక్కను" అని క్యాను తీసుకుని, మనుషులు పక్కకు తప్పుకుంటుంటే మధ్యలోంచి నడిచి రోడ్డు మీదికి పోయింది. పొద్దున ఇదే మనిషి ఇంతమంది ముందూ నా మొగం చూసి చెప్పండి అంది. ఇప్పుడు ఆ మొహాన్ని ఎవరూ చూడ్డం లేదు. గేటు దగ్గర కొడుకు పక్కనుంచే పోయింది, అతని వంక కూడా తిరగలేదు.

"సొంత అత్త అయినా వొదల్లేదే, బలే పిల్ల!" అన్నారు ఎవరో. "కాగితం అంటే కాగితం!" అన్నారు ఇంకెవరో. పొద్దున అనుమానంగా చూసినవాళ్లే ఇప్పుడు నిస్సీని మెచ్చుకుంటున్నారు. ఒక్కో మెప్పూ చెంపదెబ్బలా తగులుతోంది ఆ పిల్లకు. అత్త కొడుకును కాచుకుంది. ఇప్పుడు నోరు తెరిస్తే అత్త ఇచ్చుకున్నదాన్ని లాగి నేలకేసి కొట్టినట్టు. మూసుకుంటే?

"సరే, అయిందేదో అయింది. వరస కానీయండి" అన్నాడు దొరస్వామి. "పొద్దున ఆగిపోయినకాడి నుంచి చూసెయ్యి తల్లీ. తరవాత ఎవురు?"

"నేనే" అంటూ లోకేశ్వరి క్యాను దించింది. రెండు వీధుల అవతల ఉండే మనిషి. "మా ఆవుకు ముల్లు గుచ్చుకున్నా నాకు నిద్ర పట్టదు, సూది యాడిదిలే. బిన్నా, తొందరగా చూసెయ్యి నిస్సీ, నా బిడ్డ ఒక్కతే ఉండాది ఇంట్లో."

నిస్సీ చేతులు వాటంతట అవే పని చేసుకుపోయాయి. గొట్టంలో పాలు, పాలలో పట్టీ. మనసు మాత్రం రోడ్డు మీద నడిచిపోతున్న మనిషి వెంట ఉంది. పక్కనున్నవాళ్ల మాటలు ఆగిపోయేసరికి తల వంచి చూసింది.

గులాబి గీత.

లోకేశ్వరి ఒక్కసారిగా అరిచింది. "నేను ఏయలేదు! నా బిడ్డ మీద ఒట్టు దొరసామి మామా, నేను ఏయలేదు!"

"గురవమ్మ గూడా పొద్దున అదే అనింది" అన్నారు వెనక నుంచి.

"మీ ఇంటెనక గూడా ఆ కంపెనీ షెడ్డే కదా అక్కా?" అని నిస్సీ అడిగింది, లోకేశ్వరికి తప్ప ఇంకెవరికీ వినబడనంత మెల్లగా.

"అవును. యాల అడుగుతావు?"

వరసలో ఇంకా ఎన్నో క్యాన్లు ఉన్నాయి. వాటి వెనక ఎన్ని ఇళ్లకు షెడ్లున్నాయో నిస్సీకి తెలుసు. ఇంకెన్ని గీతలు లేవాలో, ఎంతమంది బిడ్డల మీద ఒట్లు పెట్టుకోవాలో కూడా తెలుసు. గేటు దగ్గర మునిశేఖర్ ఆమె వంకే చూస్తూ, వద్దు వద్దు అని తల అడ్డంగా ఊపుతున్నాడు. అరుపు విని గురవమ్మ రోడ్డు మీద ఆగి వెనక్కి తిరిగింది.

నిస్సీ పట్టీని బల్ల మీద, అందరికీ కనబడేటట్టు పెట్టింది.

"వరస ఆపండి పెద్దనాయనా" అంది. "మా అత్త అబద్ధం చెప్పింది. పొద్దున కాదు, ఇప్పుడు."